ద్రాక్షతోటల దారి, వెనకాల బండి

నేను డ్రైవర్ని. కువైట్‌లో, సబా అల్ సలేంలో, ఒకే ఇంట్లో తొమ్మిదేళ్ళుగా బండి నడుపుతున్నాను. ఇన్నేళ్ళలో నాకు అన్నిటికన్నా విసుగనిపించిన పని పిల్లల్ని స్కూళ్ళకి తిప్పడం కాదు, మండుటెండలో మాల్ బయట గంటలకొద్దీ కాచుకుని ఉండడమూ కాదు. సైకిల్ వెనకాల కారు నడపడం.

ఈ మాట చెబితే మా కోనసీమలో ఎవరైనా నవ్వుతారు. అక్కడ సైకిల్ వెనకాల కారొస్తే హారన్ కొడుతుంది, సైకిల్ మీదున్నవాడు తిట్టుకుంటూ కాలవ గట్టు వైపు దిగుతాడు, అంతే. ఇక్కడ సంగతి వేరు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం యజమానిని బాబా అంటాం, ఆయన భార్యని మామా అంటాం. మా బాబాకి యాభై దాటాక షుగర్ వచ్చింది. డాక్టరు గట్టిగా భయపెట్టాడు. ఆయన నడక మొదలుపెట్టాడా అంటే లేదు, ఏకంగా సైకిల్ కొన్నాడు. దాని చక్రాలు నా బొటనవేలంత సన్నం. బరువు చూద్దునుకదా, మా ఆవిడ బజారు సంచీ అంత కూడా లేదు.

ఈ దేశంలో రోడ్డు మీద సైకిల్ తొక్కడమంటే ప్రాణాలతో ఆడుకోవడమే. పెద్ద పెద్ద బండ్లు వెనకనుంచి లైట్లు కొట్టుకుంటూ మీదకి వచ్చేస్తాయి. అందుకని స్తోమతున్నవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకుంటారు. సైకిల్ ముందు పోతుంది. దాని వెనకే డ్రైవరు కారులో, నాలుగు మూలలా లైట్లు మినుకు మినుకుమనిపిస్తూ, లేనుకి సరిగ్గా మధ్యలో వస్తాడు. వెనకనుంచి వచ్చేవాడు గుద్దితే కారుని గుద్దాలి తప్ప సైకిల్‌ని కాదు. ఆ కారులో ఉండేది నేనే కాబట్టి ఈ ఏర్పాటు నాకు మొదట్లో అంతగా నచ్చలేదు.

సైకిల్‌కీ నాకూ మధ్య రెండు కార్లు పట్టేంత దూరం. అంతకన్నా దగ్గరైతే, బాబా పొరపాటున పడితే నేనే ఎక్కించేస్తాను. అంతకన్నా దూరమైతే ఆ ఖాళీలోకి ఎవడో ఒకడు దూరుతాడు. ఈ కొలత నాకెవరూ నేర్పలేదు. నాకు నేనే పట్టుకున్నాను, దాని గురించి కాస్త గర్వం కూడా ఉండేది. వారానికి మూడు పొద్దులు, తెల్లవారు నమాజు అవగానే సముద్రం పక్క రోడ్డు మీద గంటన్నరసేపు అలా పాకేవాళ్ళం. బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టీ పిక్క పట్టేసేది. శుక్రవారం మధ్యాహ్నాలు ఫర్వానియాలో మా గోదావరివాళ్ళ రూముకి వెళితే, "ఏరా, ఎస్కార్టు డ్యూటీ అయ్యిందా?" అని ఏడిపించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

*

బాబా వాళ్ళు ఏటా వేసవికి యూరప్ వెళతారు. మామాకి పెద్ద ఊళ్ళు, పెద్ద షాపులు ఉండాలి. ఆ ఏడు మాత్రం బాబా పట్టుబట్టి ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్ళో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. చుట్టూ ద్రాక్షతోటలు. వైన్ తయారుచేసేవాళ్ళ ఊళ్ళో మనకేం పని అని మామా మూతి తిప్పింది. ద్రాక్షపండు ఏ పాపం చేసింది, తర్వాత దాన్ని ఏం చేసుకుంటారో వాళ్ళ ఖర్మ అన్నాడు బాబా. అసలు సంగతి ఏమిటంటే, ఆ ప్రాంతంలో కార్లు తిరగని రోడ్లు ఉన్నాయని ఆయన సైకిల్ స్నేహితులెవరో చెప్పారు. మామా రెండు వారాలు పారిస్‌లోనే ఉండిపోయేట్టు ఒప్పందం కుదిరింది. నన్ను వెంట తీసుకెళ్ళాలని నిర్ణయమైంది. ఎందుకంటే సైకిల్ వెనక కారు ఉండాలి కదా.

మొదటి రోజు అద్దె కారులో బయల్దేరాను. రోడ్డు ఎంత ఉందంటే, మా ఊళ్ళో కొబ్బరితోటలోకి పోయే బాటకి తారు పోసినంత. అటూ ఇటూ ద్రాక్షతీగలు, దువ్వెనతో దువ్వినట్టు వరసలు వరసలుగా. నేను అలవాటు ప్రకారం లైట్లు వేసుకుని, రెండు కార్ల దూరం చూసుకుని, మధ్యలో పాకుతున్నాను. ఓ అరగంట పోయాక బాబా సైకిల్ ఆపి, వెనక్కి నడిచొచ్చి, నా అద్దం మీద కొట్టాడు. ఇంజను కట్టెయ్యమని సైగ చేశాడు. కట్టేశాను.

"వినపడుతోందా?" అన్నాడు. మేమిద్దరం మాట్లాడుకునేది కాస్త అరబ్బీ, కాస్త హిందీ, మిగతాది ఇంగ్లీషు.

నాకేమీ వినపడలేదు. అదే చెప్పాను.

"అదే. నీ కారు ఒక్కటే మోగుతోంది ఈ దేశంలో."

మర్నాడు నాకూ ఒక సైకిల్ అద్దెకి తీసుకున్నాడు. లావుపాటి సైకిల్, వెనక క్యారేజీ, దానికి రెండు సంచులు. నీళ్ళు, రొట్టె, పంక్చరు సామాను మోసేది నేను. కారు లేదు కాబట్టి వెనకేం జరుగుతోందో తెలియాలని, ఆ షాపులోనే బాబా కువైట్ నుంచి తెచ్చుకున్న తన సైకిల్ హ్యాండిల్ చివర ఒక చిన్న గుండ్రటి అద్దం బిగించుకున్నాడు, రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది. ముందువైపు అగ్గిపెట్టెంత కెమెరా ఒకటి పెట్టాడు. ఆ రెండూ నా మెడకి చుట్టుకుంటాయని అప్పుడు నాకేం తెలుసు.

నేను సైకిల్ తొక్కి పదిహేనేళ్ళు. డిగ్రీ మధ్యలో ఆపేసి గల్ఫ్ విమానం ఎక్కేదాకా కాలవ గట్ల మీద నేను తిరిగిందంతా సైకిల్ మీదే. ముందు కడ్డీ మీద ఒక గెల, వెనక క్యారేజీ మీద రెండు గెలలు అరటికాయలు పెట్టుకుని వంతెన ఎక్కించినవాణ్ణి. మొదటి మైలు ఊగిసలాడాను. తర్వాత కాళ్ళకి వాటంతటవే గుర్తొచ్చింది.

పన్నెండు రోజులు తొక్కాం. ఒక రోజు పాత రైలుదారి మీద. రైళ్ళు మానేశాక పట్టాలు పీకేసి, ఆ దారిని సైకిళ్ళకి వదిలేశారట. స్టేషన్లు అలాగే ఉన్నాయి, గోడ గడియారాలు ఆగిపోయి ఉన్నాయి. ఆ దారిలో కార్లు రావు. రావంటే రానే రావు. చిన్న రోడ్ల మీద అప్పుడప్పుడు ఒక ట్రాక్టరు ఎదురయ్యేది. దాని మీదున్నవాడే పక్కకి ఆపి, మేం పోయేదాకా కూర్చుని, చెయ్యెత్తి పలకరించేవాడు. ఒకసారి నా వెనకాల కారు చప్పుడు వినపడి గుండె జారిపోయింది. తిరిగి చూస్తే ఒక ముసలావిడ. హారన్ కొట్టదు, లైట్లు వెయ్యదు, మా వేగంతోనే వస్తోంది. నేనే తట్టుకోలేక గడ్డిలోకి దిగి దారిచ్చాను. ఆవిడ అద్దం దించి ఏదో అంది. తిట్టిందనుకున్నాను. కాదు, థాంక్సు చెప్పిందన్నాడు బాబా. ఇన్నేళ్ళలో రోడ్డు మీద నాకెవరూ చెప్పని మాట అది.

ప్రతి వరస మొదట్లో ఒక గులాబీ మొక్క ఉండేది. అందానికేమో అనుకున్నాను. ఒక తోటాయన మాకు నీళ్ళిచ్చి, లోపలికి రమ్మని వైన్ గ్లాసులు తీయబోతే బాబా గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాడు. గులాబీల సంగతి అడిగాడు. తెగులు ముందు గులాబీకి తగులుతుందిట. అది చూసి రైతు తీగలకి మందు కొట్టుకుంటాడుట. బాబా నా వైపు తిరిగి, "నువ్వు కువైట్‌లో ఇదే పని చేస్తావు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నాకు నిజంగా గర్వంగా అనిపించింది. తోటాయన ఒక కాయ కోసిచ్చాడు, నోట్లో వేసుకుంటే మా వాక్కాయంత పులుపు. కోతకి ఇంకా నెలరోజులుందని నా మొహం చూసి నవ్వాడు.

మొదట్లో నేను బాబా వెనక చక్రానికి అంటుకున్నట్టు తొక్కేవాణ్ణి. భయం, అలవాటు. రెండో రోజో మూడో రోజో ఆయన విసుక్కున్నాడు. నీ ఊపిరి నా మెడకి తగులుతోంది, ఇక్కడ నిన్నెవరూ కాపలా ఉండమనలేదు, నీ పాటికి నువ్వు రా అన్నాడు. సరేనని వెనకపడ్డాను. యాభై అడుగులు, వంద అడుగులు, ఒక్కోసారి ఒక మలుపు అవతలికి. ముందు ఆయన, వెనక నేను, మధ్యలో వట్టి రోడ్డు. ఆ వట్టి రోడ్డు నాకెంత నచ్చిందో చెప్పలేను. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ పన్నెండు రోజులూ నేను పెళ్ళాం పిల్లల్ని కూడా సరిగ్గా తలుచుకోలేదు.

ఒక రోజు కొండ దిగుతుంటే, రోడ్డెలా ఉందో చూడమని నన్ను ముందు పంపాడు. నేను పసుపు చొక్కా వేసుకున్నాను. గాలికి చొక్కా బుడగలా పొంగింది. దిగుతూ దిగుతూ మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను, ఆయన వస్తున్నాడా లేదా అని. ఆయన గట్టిగా నవ్వుతున్నాడు.

*

కువైట్ తిరిగొచ్చాక మళ్ళీ పాత పద్ధతే. బాబా సైకిల్, వెనకాల నేను కారులో. సైకిల్‌కి ఆ అద్దం అలాగే ఉంచేశాడు.

దూరం గురించి ఆయనేమీ అనలేదు. నేనే మారాను. మొదటి వారం రెండు కార్ల దూరం. తర్వాత నాలుగు. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా అని నాకు నేనే సర్ది చెప్పుకునేవాణ్ణి. ఏసీ కట్టేసి, అద్దాలు దించేసి, సముద్రపు గాలి మొహానికి తగులుతుంటే ఆయన్ని దూరంగా చిన్నగా చూస్తూ రావడం బాగుండేది. ఆయనకీ ఇంజను చప్పుడు తప్పుతుందని అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నాకు ఫ్రాన్సు కావాలి.

ఒక శుక్రవారం పొద్దున్న నేను మామూలుకన్నా బాగా వెనకపడ్డాను. వెనకనుంచి ఒక కారు వేగంగా వచ్చింది. నా లైట్లు చూసి, ఎవడో పాకుతున్నాడని నన్ను దాటింది. దాటాక ముందు ఖాళీ కనపడింది. ఆ ఖాళీలోకి, నా ముందుకి, మామూలుగా ఎవరైనా వచ్చినట్టే వచ్చింది. ఆ ఖాళీ చివర ఒక సైకిల్ ఉందని వాడికి తెలియదు. నేను రెండు కార్ల దూరంలో ఉండుంటే వాడు మా ఇద్దర్నీ కలిపి దాటేవాడు, మధ్యలోకి రావడానికి చోటే ఉండేది కాదు. ఆ చోటు ఇచ్చింది నేను.

సైకిల్‌ని గుద్దిన చప్పుడు పెద్దగా రాలేదు. అదే నాకిప్పటికీ అర్థం కాదు. మనిషి జీవితం పోయేటప్పుడు అంత చిన్న చప్పుడా.

పరుగెత్తాను. ఆయన తల కదలనివ్వకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను, ఎక్కడో విన్నాను అలా చెయ్యాలని. అంబులెన్సులో కూడా వదల్లేదు. అందుకే బతికాడని ఆస్పత్రిలో అన్నారు. నడుము కింద మాత్రం ఏమీ తెలియదు, ఇక తెలియదు కూడా అన్నారు.

పోలీసులు నన్ను అడిగింది రెండు ముక్కలే. లైట్లు వేశావా? వేశాను. వెనకే ఉన్నావా? వెనకే ఉన్నాను. రెండూ నిజమే. తప్పు అతివేగానిదని రాసుకున్నారు. ఫర్వానియా రూములో అందరూ, నీ మీదకి రాలేదు, అదృష్టవంతుడివి అన్నారు. ఒకడు టీ కూడా తాగించాడు.

*

శిక్ష ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ, మెచ్చుకోళ్ళు మాత్రం నేను తిన్నంతగా ఇంకెవరూ తిని ఉండరు. మామా వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, ఇతనే మా ఆయన్ని బతికించాడని చెప్పేది. ఆవిడ చెల్లెళ్ళు, వదినలు, ఎవరెవరో నా కోసం ఖర్జూరాలు పంపారు. ఆ డబ్బాలు నా గదిలో పేరుకుపోయాయి. ఒక్కటి తినలేకపోయాను.

ఇంట్లో వంటచేసేది అన్నమయ్య జిల్లా ఆవిడ. నన్ను అన్నా అంటుంది, నేను అమ్మాయ్ అంటాను. ఒక మధ్యాహ్నం వంటింటి వెనక ఆవిడ కొత్తిమీర కడుగుతుంటే ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. ఆవిడ కడగడం ఆపలేదు. కడుగుతూనే అంది:

"ఇప్పుడు చెప్పి ఏం సాదిస్తావున్నా? ఆయప్పకు కాళ్ళొస్తాయా? నీ బరువు తగ్గుతాది, ఆయప్పకు ఇంగ రొంత పెరుగుతాది. అంతే గదా."

ఆవిడ మాట మీదే బాబా దగ్గర నోరు మూసుకున్నాను.

మా ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, వచ్చెయ్యమని. పిల్లలు నన్ను ఫోనులో మనిషనుకుంటున్నారని ఏడ్చింది. బాబా వదలడం లేదని చెప్పాను. అబద్ధం. నేను అడగనే లేదు. ఆవిడ నమ్మేసి, "ఏవండీ, ఆయనకి మనసన్నది లేదాండీ, మీరూ ఓ ఇంటి మనిషేగదండీ" అని ఆయన్ని తిట్టింది. నా పాపానికి ఆయన తిట్లు తినడం వింటూ ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

ఎవరూ నన్ను కట్టేయలేదు, అదే నా ఏడుపు. తలుపు తీసే ఉంది. ఆ తలుపులోంచి వెళ్ళాలంటే చక్రాల కుర్చీని దాటుకుని పోవాలి.

*

ప్రమాదం అయిన ఆరేడు నెలలకి ఇంటికి ఒక యంత్రం వచ్చింది. ఇనప స్టాండు లాంటిది. సైకిల్ వెనక చక్రం తీసేసి దానికి బిగిస్తే, తొక్కినకొద్దీ ఎదురుగా ఉన్న తెర మీద దారి కదులుతుంది. వేగంగా తొక్కితే వేగంగా, మెల్లగా తొక్కితే మెల్లగా. తొక్కడం ఆపితే దారి ఆగిపోతుంది. బాబా తన సైకిల్‌ని బాగుచేయించాడు. మగవాళ్ళు కూర్చునే పెద్ద గది, దీవానియా, ఖాళీగానే ఉంటోంది. స్నేహితులు రావడం తగ్గిపోయింది. అక్కడ పెట్టించాడు.

బాబా పెద్దకొడుకు కోసమేమో అనుకున్నాను. పెద్దకొడుకు అన్నీ బిగించి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న బాబా కుర్చీ తోసుకుంటూ వచ్చి నన్ను పిలిచాడు. ఎక్కు అన్నాడు.

తెర మీద వచ్చింది మా దారే. ఫ్రాన్సులో ఆ అగ్గిపెట్టె కెమెరా తీసిందంతా ఆయన దాచుకున్నాడు. పెద్దకొడుకు అంతకు ముందు రోజే అన్నాడు, మామూలు వీడియోలా పెట్టుకుని చూడొచ్చుగా, ఎవరూ తొక్కక్కర్లేదు అని. బాబా ఒప్పుకోలేదు. "అప్పుడు అది సినిమా. ఎవరో ఒకరు తొక్కితేనే దారి" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్న, ఇదివరకు ఆయన రోడ్డు మీదకి వెళ్ళే వేళకే, నేను ఏసీ గదిలో ఫ్రాన్సు తొక్కుతాను. తలుపులు వేసి ఉంటాయి, బయట ఇసుకగాలి కిటికీలకి రాసుకుంటూ ఉంటుంది. ద్రాక్షవరసలు మెల్లగా వెనక్కి పోతుంటాయి. ట్రాక్టరువాడు రోజూ చెయ్యెత్తుతాడు. కెమెరా శబ్దం కూడా పట్టింది కాబట్టి టైరు కింద కంకర చప్పుడు, పిట్టలు, ఎత్తు ఎక్కేటప్పుడు బాబా రొప్పు, అన్నీ వినిపిస్తాయి. ఆ రొప్పుతున్న మనిషి నా పక్కనే మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, కదలకుండా కూర్చుని ఉంటాడు. "శ్వయ్ శ్వయ్" అంటాడు, మెల్లగా మెల్లగా అని. గులాబీలొచ్చే చోట మరీ మెల్లగా పోమంటాడు. నేను తొక్కుతూనే ఉంటాను, గదిలోంచి అంగుళం కదలను. హ్యాండిల్ చివర ఆ గుండ్రటి అద్దం అలాగే ఉంది, ప్రమాదంలో దానికి చిన్న గీత కూడా పడలేదు. అందులో రోజూ నా మొహం నాకు కనపడుతుంది. మొదటి వారం చూపు తిప్పుకునేవాణ్ణి. తర్వాత తిప్పుకోవడం కూడా చాతకాలేదు.

పన్నెండు రోజుల దారి అయిపోతే మళ్ళీ మొదటినుంచి. ఇప్పటికి ఎన్నిసార్లు తిరిగానో. ప్రపంచంలో నేను సంతోషంగా ఉన్న చోటు అదొక్కటే. దాన్ని ఇలా రోజూ తొక్కి తొక్కి అరగదీశాను. ఇప్పుడు ఆ గులాబీలంటేనే నాకు అసహ్యం.

పోయిన నెల మామా ఒక కాగితం తెచ్చింది. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే కార్డు, గడువు అయిపోవస్తోంది. ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమంది. నువ్వు లేకపోతే ఆయన పొద్దున్న లేవడం కూడా మానేస్తాడు అంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రేపు చెబుతానన్నాను. రెండేళ్ళు. ఆ సైకిల్ మీద, ఆ అద్దం ముందు.

ఆ రాత్రంతా ఆలోచించాను. వంటావిడ మాట ఎంత సరైనదైనా సరే, ఇక మోయలేను. బాబాకి చెప్పేస్తాను. విని తిట్టి, ఛీ పొమ్మని గెంటేస్తాడు. లేదంటే క్షమించి, వెళ్ళిరా అంటాడు. ఏదైనా ఇంటికి దారే. రెండూ కాకుండా మూడోది ఉంటుందని తట్టలేదు నాకు.

పొద్దున్న తొక్కుతూ తొక్కుతూ ఆపేశాను. తెర మీద దారి ఒక రాతిగోడ పక్కన ఆగిపోయింది. కుర్చీలోంచి ఆయన నా వైపు తిరిగాడు.

"బాబా, ఆ రోజు నేను బాగా వెనకపడ్డాను" అన్నాను. "పొరపాటున కాదు. ఫ్రాన్సులోలాగా రావాలనిపించింది. నేను దగ్గరగా ఉండుంటే ఆ కారు మధ్యలోకి వచ్చేది కాదు. మీ కాళ్ళు పోయింది నావల్లే."

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"తెలుసు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన గడ్డంతో హ్యాండిల్ చివర చూపించాడు.

"ఆ అద్దం ఆ రోజూ ఉంది. నీ లైట్లు చిన్నవైపోతుంటే చూస్తూనే ఉన్నాను. చెయ్యి ఊపితే దగ్గరికొచ్చేవాడివి."

"మరి ఊపలేదేం?"

"ఇంజను వినపడలేదు" అన్నాడు. "హాయిగా ఉంది."

ఏడుపొచ్చింది, కళ్ళ వెంట రాలేదు. నేను ఏడాదికి పైగా కడుపులో పెట్టుకుని మోసిన రాయిలాంటిదే ఆయన దగ్గర కూడా ఒకటుంది. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని, ఒకే దారి చూస్తూ, ఎవరిది వాళ్ళం మోశాం. నాదేదో చెప్పేస్తే తేలికవుతుందనుకున్నాను. ఇప్పుడు ఆయనది కూడా నాకే తెలిసింది.

"నన్ను పంపించెయ్యండి బాబా" అన్నాను. "ఖలాస్. ఇంటికి పోతాను."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో.

"వెళ్ళు. నిన్ను ఆపను. ఇంకో డ్రైవర్ని తెస్తాను, వాడూ తొక్కుతాడు" అన్నాడు. "కానీ ఆ దారిలో నాతో వచ్చింది నువ్వు ఒక్కడివే. నువ్వు పోతే అది నాకు ఒక్కడికే గుర్తుంటుంది."

జేబులో కాగితం తొడకి గుచ్చుకుంటోంది. దాని మీద సంతకం పెడతానని, మా ఆవిడకి మళ్ళీ అబద్ధం చెబుతానని, ఆవిడ మళ్ళీ ఈ మనిషినే తిడుతుందని నాకప్పుడే తెలిసిపోయింది.

"దారి ఆగిపోయింది" అన్నాడు బాబా, తెరవైపు తిరిగి. "యల్లా, పద. శ్వయ్ శ్వయ్."

పెడలు మీద కాలు వేశాను. రాతిగోడ కదిలింది. తర్వాత ఎత్తు, ఆయన రొప్పు, తర్వాత కొండ దిగుడు. దిగుడులో, తెర మీద, నాకన్నా ముందు, పసుపు చొక్కా పొంగించుకుని నేను పోతున్నాను. మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను, బాబా వస్తున్నాడా లేదా అని.